దేనికని మాఫ్ చెయ్యను?

పోయిన వారం రంగుల కొట్టు గుమ్మంలో ఒక మనిషిని నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. లోపలికి రమ్మన్నవాళ్లు లేరు, పొమ్మన్నవాళ్లూ లేరు.

ఆమెను వీధిలో స్నానాల పెద్దమ్మ అంటారు. చుట్టుపక్కల ముస్లిం ఇళ్లలో ఆడమనిషి ఎవరు కన్నుమూసినా చివరి స్నానం చేయించి, కఫన్ గుడ్డలు చుట్టి, జనాజాకు, అంటే చివరి ప్రయాణానికి, సిద్ధం చేసేది ఆమే. దారిలో ఎదురైతే అందరూ సలాం చెబుతారు, మంచీచెడ్డా అడుగుతారు. అదే మనిషి పిలవకుండా గుమ్మంలోకి వస్తే మాత్రం లోపలివాళ్లు గతుక్కుమని, ఇంట్లో అందరూ బాగానే ఉన్నారా అని ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంటారు.

కొట్టులో ఉన్న రంగులమ్మాయి గతుక్కుమనలేదు. ఆమెకు ఈ మనిషంటే భయం కాదు, మంట. ఆ మంట ఎందుకో మొదటి నుంచీ చదువుతున్నవాళ్లకు తెలుసు, ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను. ఆ కొట్టు రంగులమ్మాయి తల్లిది. భర్త పోయాక ఆ తల్లి వెలిసిన బట్టలకు రంగులు వేసి కూతుర్ని సాకింది. కూతురికి పాలపళ్లు ఊడే వయసులో, మేడ మెట్ల మీంచి జారిపడి పోయింది. చివరి చూపు కోసం ఆడవాళ్లంతా వాకిట్లో కూర్చుని ఉంటే, స్నానం చేయించిన గదిలోంచి ఈ పెద్దమ్మ బయటికొచ్చి, "మొహం నల్లబడిపోయింది, చూడకపోవడమే మంచిది" అంది. అంతే, ఆ మొహం ఎవరికీ చూపించలేదు. కన్నకూతురికి కూడా.

పోయిన మనిషి మొహం నల్లబడిందంటే ఏదో దాచిన పాపం ఉంటుందని వీధి తీర్పు చెప్పేసింది. తీర్పు చెప్పే అధికారం మనకెవరిచ్చారని అడిగిన మనిషి లేడు. ఆ విధవరాలు మళ్లీ పెళ్లి మాట ఎత్తిందన్నది అప్పటికే నలుగురి నోళ్లలో నానుతోంది, దానికి ఈ నల్లదనం తోడైంది, ఇక చిలవలు పలవలకు లోటేముంటుంది? పిల్ల ఆ మాటల మధ్యే పెరిగింది. పెంచింది తల్లికి అన్నగారు, అంటే పిల్లకు మేనమామ. వీధి చివర ధాన్యం కొట్టు ఆయనది. గింజ అటూ ఇటూ కాకుండా తూస్తాడని అందరూ ఆయన్ని సరితూకం అంటారు. మేనకోడలి కోసం పెళ్లి కూడా మానుకున్నాడని వీధి ఆయన్ని నెత్తిన పెట్టుకుంది. ఆ సరితూకం రేపు హజ్ యాత్రకు బయలుదేరుతున్నాడు. ఈ రోజు పొద్దు వాలాక, అసర్ నమాజు అవగానే, మసీదు ఆవరణలో అందరూ ఆయన్ని సాగనంపబోతున్నారు.

సరిగ్గా అలాంటి రోజున స్నానాల పెద్దమ్మ రంగుల కొట్టుకు వచ్చి, "మీ అమ్మ గురించి వచ్చాను తల్లీ" అంది. అక్కడ ఆపాం.

రంగులమ్మాయి తల ఎత్తలేదు. పొయ్యి మీద కాగులో రంగునీళ్లు కాగుతున్నాయి, అందులో ఎవరిదో వెలిసిపోయిన నల్లకోటు మునిగి ఉంది. రంగులో పడ్డ గుడ్డను కర్రతో తిప్పుతూనే ఉండాలి. చెయ్యి ఆగితే మడతల్లో ఒకచోట ఎక్కువా ఒకచోట తక్కువా పట్టి మచ్చలు తేలతాయి. అందుకే ఆ పని చేసేవాళ్లు ఎవరొచ్చినా కాగు మీంచి చూపు తిప్పకుండా మాట్లాడటం అలవాటు చేసుకుంటారు. ఈ రోజు ఆ అలవాటు ఆమెకు బాగా కలిసొచ్చింది.

"మా అమ్మ గురించి మీరు చెప్పాల్సింది ఎప్పుడో చెప్పేశారు కదా. అందరూ విన్నారు. ఇంకేం మిగిలింది?" అంది.

వీధిలో చిన్నాపెద్దా అందరికీ ఆమె పెద్దమ్మే. ఈ పిల్ల మాత్రం ఏనాడూ ఆమెను ఆ వరసతో పిలవలేదు. మీరు అనడం కూడా వయసుకిచ్చే గౌరవమే గానీ మనిషికిచ్చేది కాదు.

పెద్దమ్మ ద్వారబంధం పట్టుకుంది. "నేను చెప్పింది అబద్ధం తల్లీ. మీ అమ్మ మొహం నల్లబడలేదు. నిద్రపోతున్నట్టే ఉంది."

కర్ర తిరుగుతూనే ఉంది. రంగులమ్మాయికి ముందు సంతోషం రావాలి, రాలేదు. ఒళ్లంతా కోపం వచ్చింది. చిన్నప్పుడు ఆమె కలల్లోకి తల్లి వచ్చేది, వచ్చినప్పుడల్లా మొహం ఉండాల్సిన చోట నల్లగా మసి ఉండేది. పక్కింటి పిల్లలు ఆటల్లో గొడవొస్తే మీ అమ్మ మొహం చూసుకో అనేవాళ్లు. కాస్త పెద్దయ్యాక, తల్లి ఏం పాపం చేసిందో తెలియకపోయినా, చేసే ఉంటుందని తనే ఒప్పేసుకుంది. ప్రతి నమాజులోనూ చేతులు చాపి, యా అల్లాహ్, మా అమ్మ చేసిన ఆ పాపమేదో మాఫ్ చెయ్యి అని ఏడ్చింది. చెయ్యని పాపానికి కన్నతల్లిని దేవుడి ముందు దోషిగా నిలబెట్టింది తనే కదా అని ఇప్పుడు ఆమెకు అనిపించింది.

"మరి ఇప్పుడెందుకు వచ్చారు?"

"మాఫ్ అడగడానికి."

పెద్దమ్మ గుమ్మంలోనే నిలబడి తన గోడు వెళ్లబోసుకుంది. ఆ అబద్ధం తనను తిననివ్వలేదనీ, నిద్రపోనివ్వలేదనీ, తప్పైపోయిందని తౌబా చేసుకుంటూ, నేలకు నుదురానించి సజ్దాలో పడి ఎంత ఏడ్చినా మనసు తేలికపడలేదనీ చెప్పింది. చివరికి పరువు పోతే పోయిందని ఇమాంగారి దగ్గరికి వెళ్లి అడిగిందట. ఆయన మెత్తగానే చెప్పాడు గానీ చెప్పింది మెత్తటి మాట కాదు. నీకూ అల్లాహ్‌కూ మధ్య ఉన్న తప్పు అయితే, మానేసి, కుమిలి, మళ్లీ ఆ దారి తొక్కనని ఆయన వైపు తిరిగితే ఆయన మాఫ్ చేస్తాడు, ఆయన దయకు అంతు లేదు. సాటి మనిషి దగ్గర లాక్కున్నది మాత్రం ఆ మనిషికే తిరిగి ఇవ్వాలి. పరువు కూడా అలాంటిదే. ఏ గుంపులో ఆ మనిషి పేరు చెడగొట్టావో ఆ గుంపులోనే నిలబెట్టి రా అన్నాడట.

"అయితే నా దగ్గరికెందుకు? మాఫ్ చెయ్యాల్సింది మా అమ్మ. వెళ్లి ఆవిడనే అడగండి."

"కబరస్తాన్ గోడ బయట నిలబడి అడిగాను."

"ఏమంది?"

అంత పెద్ద మనిషిని అలా నిలబెట్టి అడగడం తప్పని రంగులమ్మాయికి తెలుసు. తెలిసే అడిగింది, అడిగాక కొంచెం హాయిగా కూడా అనిపించింది. అబద్ధమెందుకు, కోపంలో ఉన్నప్పుడు ఎదుటిమనిషి మొహం మాడిపోతే ఎవరికైనా హాయిగానే ఉంటుంది.

సాయంత్రం మసీదులో ఆడవాళ్లంతా ఉంటారనీ, ఆ రోజు వాకిట్లో కూర్చుని మొహం నల్లబడిందన్న మాట విన్నవాళ్లలో సగానికి సగం మంది అక్కడే ఉంటారనీ, అది అబద్ధమని అందరూ వినేట్టు అక్కడే చెప్పమనీ ఆమె గట్టిగా అంది. చెప్పిన తర్వాతే మాఫ్ మాట ఎత్తమంది. పెద్దమ్మ తల ఊపింది. ఊపింది గానీ ద్వారబంధం మీంచి చెయ్యి తియ్యలేదు.

"చెబుతానమ్మా. కానీ నల్లబడలేదంటే, మరి మొహం ఎందుకు చూపించలేదని అడుగుతారు. అప్పుడు నేనేం చెప్పాలి?"

"ఉన్నది చెప్పండి."

"ఉన్నది చెప్పకూడదనే మాకు నేర్పింది."

నిజమే, స్నానం చేయించే వాళ్లకు అదొక గట్టి నియమం. శవం మీద ఏ మచ్చ చూసినా, ఏ లోపం చూసినా, ఆ గదిలోనే మరిచిపోవాలి. చూసింది గుండెలో దాచుకున్న మనిషి పాపాలను అల్లాహ్ మాఫ్ చేస్తాడని పెద్దమ్మకు ఆమె తల్లి మొదటి రోజే నూరిపోసింది. పెద్దమ్మ తల్లి అప్పట్లో ఆమెతోనే ఉండేది, స్నానాలకు నీళ్లు పోసేది. ఇప్పుడు ఆవిడా లేదు. లేనిది ఉన్నట్టు చెప్పి ఒకసారి ఆ నియమం తప్పాను, ఉన్నది చెప్పి రెండోసారి తప్పుతానేమోనని నోరు కుట్టేసుకున్నానంది పెద్దమ్మ.

రంగులమ్మాయి చెయ్యి ఆగింది. "ఏం చూశారు?"

"మెడ మీద వేళ్ల గుర్తులు."

కాగులో నీళ్లు కుతకుతలాడుతున్నాయి. కర్ర కదలడం లేదు.

"రంగు అయి ఉంటుంది" అంది రంగులమ్మాయి. "మా అమ్మ చేతులకీ మెడకీ ఎప్పుడూ రంగు ఉండేది. చెమట తుడుచుకునేటప్పుడు అంటుకునేది. నాకూ అంటుకుంటుంది, చూడండి."

"నేనూ ముందు అదే అనుకున్నాను తల్లీ. సబ్బు పెట్టి రుద్దాను. రంగైతే నీళ్లలో కొంచెమైనా దిగుతుంది కదా. అది దిగలేదు. ఒక పక్క బొటనవేలు, ఇంకో పక్క నాలుగు వేళ్లు. దవడ కిందే. మొహం మీద గుడ్డ తీస్తే మొదట కనబడేది అదే."

రంగు నీళ్లలో దిగుతుందని రంగులమ్మాయికి ఒకరు చెప్పాలా? ఆమె కర్ర వదిలేసి గోడకు ఆనుకుంది. మెట్ల మీంచి జారిపడ్డ మనిషి మెడ మీద వేళ్లు పడవు. ఇక మిగిలింది ఒక్క ప్రశ్న, ఆ వేళ్లు ఎవరివని. పెద్దమ్మే చెప్పింది.

స్నానం సగంలో ఉండగా గది తలుపు అవతలికి మీ మామయ్య వచ్చాడంది. ఆడమనిషి స్నానం జరుగుతున్న గదిలోకి ఆయన రాలేదు, రాకూడదు కూడా. అవతల్నుంచే, చూసింది కప్పడం నీ ధర్మం, కప్పితే నీకే పుణ్యం అన్నాడట. అంతవరకూ పర్వాలేదు, ఏ పెద్దమనిషైనా అనే మాటే. వెళ్లబోతూ ఇంకో మాట అన్నాడు.

"మెడ దాకా గుడ్డ బిగించి చుట్టు, జారకుండా చూడు అన్నాడు. ఆయన లోపలికి రాలేదు. నేను నోరు విప్పలేదు. మెడ సంగతి ఆయనకెలా తెలిసింది? బయటికొచ్చేసరికి ఆడవాళ్లంతా చివరి చూపని మీదకొచ్చారు. ఏదో ఒకటి చెప్పి ఆపాలి. నోటికొచ్చింది అనేశాను. చచ్చిపోయిన మనిషి లోపాన్ని కప్పమన్నారు గానీ, బతికున్న మనిషి చేసిన పనిని కప్పమనలేదని అప్పుడు నాకు తోచలేదు తల్లీ. మొన్న ఇమాంగారు చెప్పేదాకా తోచలేదు."

సరితూకం మొన్న ఆమె ఇంటికి కూడా వెళ్లాడట. హజ్‌కు వెళ్లే ముందు ఎవరికైనా అన్యాయం చేసి ఉంటే సర్దుకుని, మాఫ్ అడిగి బయలుదేరాలి కదా. తెలిసో తెలియకో ఏదైనా తప్పు చేసి ఉంటే మాఫ్ చెయ్యమన్నాడు. తెలియక చేసింది మాఫ్, తెలిసి చేసిందేమిటో చెప్పమని ఈమె అంటే, గడప దిగి వెళ్లిపోయాడు. అప్పుడే లేచి ఆమె ఇమాంగారి దగ్గరికి పరుగెత్తింది.

రంగులమ్మాయికి నిన్న పొద్దున్న కళ్ల ముందు కదిలింది. మామయ్య ఈ కొట్టులోనే, ఈ కాగు పక్కనే నిలబడి, అదే మాట అన్నాడు. తెలిసో తెలియకో. తను నవ్వింది. మీరు నాకేం తప్పు చేశారు మామయ్యా, మాఫ్, మాఫ్, వందసార్లు మాఫ్ అంది. ఆయన కళ్లు తుడుచుకుని ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. ఆ చేతిని తలచుకుంటే ఇప్పుడు ఆమెకు తల కడుక్కోవాలనిపించింది. ఆ మాఫ్ దేనికో మూట విప్పి చూపించకుండానే తీసుకెళ్లాడు. తల్లి గొంతు పట్టుకున్నవాడు కూతురి నోటితోనే మాఫ్ అనిపించుకుని, ఆ మాఫ్‌ను కట్టుకుని కాబా చుట్టూ తిరగబోతున్నాడు.

ఆమె పొయ్యి ఆర్పింది. కోటును కర్రతో పైకి లేపితే వీపంతా మచ్చలు. ఎవరిదో ఏమోగానీ ఆ కోటు ఇక ఎందుకూ పనికిరాదు. దాన్ని అలాగే నీళ్లలో వదిలేసి చేతులు కడుక్కుంది.

"అసర్‌కు రండి" అంది. పెద్దమ్మ ఏదో అడగబోయింది. అదేమిటో తెలిసి, "మీ సంగతి తర్వాత. నా దగ్గర ఇప్పుడు ఎవరికీ మాఫ్ లేదు" అని కొట్టు తలుపు మూసేసింది.

సాయంత్రం మసీదు ఆవరణ నిండిపోయింది. మగవాళ్లు చాపల మీద, ఆడవాళ్లు పక్క వసారాలో తెర వెనక. ఇస్త్రీ నలగని తెల్లబట్టల్లో సరితూకం మధ్యలో కూర్చున్నాడు. వచ్చినవాడల్లా ఆయన్ని కావలించుకుని, మాకోసం దువా చెయ్యండి, అక్కడ మా పేరు తలచుకోండి అంటున్నాడు. ఆయన అందరికీ తల ఊపుతున్నాడు. ఏ మాటకామాటే, ఆయన మొహంలో నిజంగానే ఏదో బాధ ఉంది. అది ఉండబట్టే జనం ఆయన్ని మరింత గొప్పవాడనుకున్నారు.

అందరూ కూర్చున్నాక ఆయన లేచి, వెళ్లేవాళ్లంతా అనే మాటే తనూ అన్నాడు. "నావల్ల ఎవరికైనా కష్టం కలిగి ఉంటే, నా మీద ఎవరికైనా దావా ఉంటే, ఇప్పుడే చెప్పండి. లేదంటే అల్లాహ్ కోసం మాఫ్ చెయ్యండి."

ఇలాంటి చోట అందరూ ఒక్క గొంతుతో మాఫ్ అంటారు, దువా మొదలవుతుంది, అయిపోతుంది. చెప్పమన్నారు కదా అని లేచి చెప్పేవాళ్లు ఉండరు. అప్పటికే నాలుగు గొంతులు మాఫ్ మాఫ్ అన్నాయి కూడా.

"నాకు ఉంది" అన్న మాట వసారాలోంచి వచ్చింది.

రంగులమ్మాయి తెర పక్కకు జరిపి మెట్టు మీదకు వచ్చి నిలబడింది. తల మీద కొంగు సరిగ్గానే ఉంది, గొంతు కూడా సరిగ్గానే ఉంది. సరితూకం ఆమెను చూసి నవ్వబోయాడు. ఆమె వెనక స్నానాల పెద్దమ్మ కనబడేసరికి ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

పెద్దమ్మది చిన్న గొంతు కాదు. ఆడవాళ్లకీ మగవాళ్లకీ వినబడేట్టు, ఆ రోజు తను చెప్పింది పచ్చి అబద్ధమనీ, ఆ తల్లి మొహం కడిగిన ముత్యంలా ఉందనీ, మొహం చూపించనిది మెడ మీద ఉన్న వేళ్ల గుర్తులు కనబడతాయనేననీ చెప్పింది. తలుపు అవతల్నుంచి విన్న మాట కూడా చెప్పింది. వసారాలో గుసగుసలు రేగాయి. ఇన్నాళ్లూ నల్లమొహం కథను ఉప్పూకారం వేసి చెప్పినవాళ్లే ముందుగా బుగ్గలు నొక్కుకున్నారు.

మసీదు పెద్ద ఒకాయన కోపంగా లేచాడు. హజ్‌కు వెళ్లే మనిషిని ఇలా రచ్చకీడ్చడం పద్ధతి కాదన్నాడు. ఆయన ఏదైనా చేసి ఉంటే అల్లాహ్ ముందు ఏడ్చి తౌబా చేసుకుని ఉంటాడు, అల్లాహ్ కప్పిన తప్పును మనం విప్పకూడదు, ఆ పిల్లను లోపలికి పొమ్మనండి అన్నాడు. చాలామంది తలలూపారు. పెంచిన చేతిని కరుస్తోందని వెనకెవరో అన్నారు.

"అల్లాహ్ కప్పి ఉంటే నేను విప్పేదాన్ని కాదు" అంది రంగులమ్మాయి. "మామయ్య తప్పు మీద ఇన్నాళ్లూ కప్పి ఉన్నది మా అమ్మ పేరు. అది నాది. నా గుడ్డ నేను తీసుకుంటున్నాను."

మసీదు పెద్ద ఇమాంగారి వైపు చూశాడు, కాస్త మీరైనా చెప్పండన్నట్టు. ఇమాంగారు తల ఎత్తకుండానే, "దావా ఉంటే చెప్పమని అడిగింది ఆయనే. అడిగాక వినాలి" అన్నాడు. మసీదు పెద్ద కూర్చున్నాడు.

రంగులమ్మాయి ఈ మాటల కోసం కొట్టు మూసినప్పటి నుంచీ ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూ సిద్ధపడింది. ఆమెకు మామయ్య మీద జాలి కలిగి కాదు. ఆయన నోటితో ఆయనే చెబితే తప్ప ఈ వీధి నమ్మదు, పెద్దమ్మ మాట రేపు పొద్దున్నకు మళ్లీ ఇంకో పుకారు అయిపోతుంది. అమ్మ పేరు కడగాలంటే ఆయన చెప్పి తీరాలి. ఆయన చెప్పాలంటే తను ఏదో ఒకటి ఇవ్వాలి. ఆయనకు కావలసింది తన దగ్గర ఒక్కటే ఉంది. గొంతు పట్టుకున్నాడు, కోపంలో తోశాడు, పడిపోయింది. అంతవరకూ ఆమె మనసులో వందసార్లు చూసుకుంది, వందోసారికి అది మింగగలిగేదిలా అనిపించింది.

"మామయ్యా, నిన్న నేను నవ్వుతూ ఇచ్చింది మాఫ్ కాదు. దేనికో తెలియకుండా ఇచ్చాను, అది చెల్లదు. ఇప్పుడు అందరి ముందూ అంటున్నాను. మా అమ్మకు వారసురాలిని నేనొక్కదాన్నే. ఆవిడకు మీరేం చేశారో పేరుపెట్టి చెప్పండి. చెప్పిందంతా నేను మాఫ్ చేస్తాను. అల్లాహ్ సాక్షి. చెప్పకపోతే అది మీ మెడకు అలాగే ఉంటుంది, దాన్ని కట్టుకునే వెళ్లండి."

సరితూకం నిలబడినవాడు కూర్చుండిపోయాడు. రెండు చేతుల్తో మొహం రుద్దుకున్నాడు. ఆ చేతులు తీసేసరికి ఆయన ఆమెను కాక మరెవరినీ చూడటం లేదు.

"గొంతు పట్టుకున్నాను. నిజం" అన్నాడు. ఆవరణంతా ఒక్కసారి ఊపిరి పీల్చింది. "ఆ పెళ్లి వద్దన్నాను. వినలేదు. పట్టుకుని ఊపాను, వదిలేశాను, మెట్ల మీంచి పడింది. వీధిలో అందరూ ఏమంటారోనని నా భయం. పడుతుందనుకోలేదమ్మా."

వసారాలో ఎవరో ఏడుస్తున్నారు. రంగులమ్మాయి ఏడవలేదు. అమ్మ పేరు కడిగేసినట్టే, ఇక తన మాట తను అనేసి ఇంటికి వెళ్లి తలుపేసుకోవచ్చు. మాఫ్ అన్న మాట నాలుక చివరకు తెచ్చుకుంది.

"అయిపోలేదు" అన్నాడు సరితూకం. "అంతా చెప్పమన్నావు కదా. పడగానే పోలేదు. మధ్యాహ్నం దాకా ఊపిరి ఉంది. డాక్టరు రెండు గుమ్మాల అవతలే. పిలిస్తే మెడ చూస్తాడు. అందుకని లోపల గడియ పెట్టుకుని కూర్చున్నాను."

ఇమాంగారు కళ్లు మూసుకున్నాడు. మసీదు పెద్ద పక్కకు జరిగి కూర్చున్నాడు.

"నువ్వు బడి నుంచి వచ్చి తలుపు కొట్టావు" అన్నాడు సరితూకం. "అమ్మ పడుకుంది, కాసేపు ఆడుకో అన్నాను. నువ్వు సరే మామయ్యా అని వెళ్లిపోయావు. లోపల అది నిన్నే పిలుస్తోంది. గొంతు పెగలక నీకు వినబడలేదు."

రంగులమ్మాయికి ఆ తలుపు గుర్తుంది. ఆ రోజు బడికి తొందరగా సెలవిచ్చారని గంతులేసుకుంటూ రావడం గుర్తుంది. తలుపు మీద అరచేత్తో కొట్టడం, లోపలి నుంచి మామయ్య గొంతు విని వెనక్కి తిరగడం, పక్కసందులో పిల్లలతో చేరి తొక్కుడుబిళ్ల ఆడటం, గెలవడం, అన్నీ గుర్తున్నాయి. ఆమె చెయ్యి తెర కోసం గాలిలో తడిమింది. దొరకలేదు. పెద్దమ్మ భుజం దొరికింది, దాన్నే గట్టిగా పట్టుకుంది.

ఆవరణలో ఉన్న ప్రతి మనిషీ ఆమె వైపే చూస్తున్నాడు. సరితూకం చాప మీంచి మోకాళ్ల మీదకు లేచి, రెండు చేతులూ ఆమె ముందు చాపాడు.

"ఇంతే. ఇక నా దగ్గర దాచింది ఏమీ లేదు. అల్లాహ్ సాక్షిగా మాఫ్ చేస్తానన్నావు కదమ్మా," అన్నాడు, "చెయ్యి."